ముట్టుకుంటే మాసిపోతుందా?

రికార్డు ప్లేయరు ముల్లు మగవాళ్ళ సొత్తని ఎవరు ఎప్పుడు శాసనం రాశారో నాకు తెలియదు. ఆ శాసనాన్ని చెరిపేయాలనే ఇవాళ కూర్చున్నాను. నవ్వకండి. గ్యాసు బండ ధర, పిల్లల ఫీజులు, అత్తగారి మోకాళ్ళ నొప్పులు ఇన్ని ఉండగా ఈవిడకి ముల్లు మీద కత్తి దూయడం దేనికీ అని మీలో కొందరు అప్పుడే పేజీ తిప్పబోతున్నారు. కాస్త ఆగండి. ముల్లు ఎవరిదైనా గుచ్చుకుంటున్నది మనకే.

సంగతేమిటంటే, ఎల్.పి. రికార్డులు మళ్ళీ ఇళ్ళలోకి వచ్చాయి. కొన్ని అటక మీంచి దిగాయి, కొన్ని కొత్తగా అచ్చయి వచ్చాయి. వాటితోపాటు ఒక కొత్త మఠం కూడా వెలిసింది. దానికి పీఠాధిపతులున్నారు, శిష్యులున్నారు, అన్నిటికన్నా ముఖ్యంగా మడి ఉంది. ఆ మడిలో కూర్చోబెట్టిన మూలవిరాట్టు పేరు మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్. అందులోనూ నలభై, యాభై ఏళ్ళ కిందటిదైతే ఇక చెప్పక్కర్లేదు, సాష్టాంగమే.

ఇంతకీ అదేమిటో చెప్పాలి కదా. నేను బి.ఏ. చదివినదాన్ని. సైన్సుకీ నాకూ హైస్కూలు దాటాక మాటల్లేవు. అయినా ఇది అర్థం కావడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ప్లేటు మీద గాడి ఉంటుంది. ఆ గాడి గోడలు పాట వొంపులకు తగ్గట్టు అటూ ఇటూ వంకరలు పోయి ఉంటాయి. వజ్రపు మొన ఉన్న ముల్లు అందులో నడుస్తూ ఆ వంకరలకల్లా ఊగుతుంది. ఆ ఊగుడుని కరెంటుగా మార్చాలి. అయస్కాంతం పక్కన తీగచుట్ట కదిలినా, తీగచుట్ట పక్కన అయస్కాంతం కదిలినా తీగలో కరెంటు పుడుతుందని ఫారడే 1831లోనే కనిపెట్టాడు. సైకిలు డైనమో నడిచేది ఆ పుణ్యాన్నే. ముల్లు వెనక సన్నటి తోక ఉంటుంది. ఆ తోక చివర చిన్న అయస్కాంతం పెట్టి, దాన్ని ఊపి, తీగచుట్టల్ని కదలకుండా కూర్చోబెడితే ఒక రకం. అది మూవింగ్ మాగ్నెట్. తీగచుట్టల్నే తోకకి కట్టి, అయస్కాంతాన్ని కదలకుండా నిలబెడితే రెండో రకం. అదే మన మూలవిరాట్టు.

తోకకి కట్టిన చుట్ట తేలిగ్గా ఉండాలి. అందుకని తీగ కొద్దిగానే చుడతారు. కొద్ది తీగకి కొద్ది కరెంటే. డెనాన్ వారి డి.ఎల్. 103 అనే ప్రసిద్ధమైన ముల్లు ఇచ్చేది 0.3 మిల్లీవోల్టు. టార్చిలైటులో వేసే ఒక బ్యాటరీ ఇచ్చేదాంట్లో అయిదువేలో వంతు! అంత సన్నటి గొంతు మామూలు ఆంప్లిఫయరుకి వినపడదు కనుక మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మరో, ఇంకో చిన్న ఆంప్లిఫయరో పెట్టాలి. అలా పెట్టి వింటే, తేలికైన ఆ చుట్ట గాడిలోని సన్న వొంపుల్ని చటుక్కున అందుకుంటుందనీ, వీణ తీగ మీటాక మిగిలే నాదపు తోక కూడా తెగకుండా వినిపిస్తుందనీ దాన్ని మెచ్చుకునేవాళ్ళు చెబుతారు. ఈమని శంకరశాస్త్రి గారి ఎల్.పి. పెట్టుకుని విన్నదాన్ని కనుక నేనూ ఆ మాట ఒప్పుకుంటాను.

మన ఇళ్ళలో ఒకప్పుడు ఉన్నవి ఇవి కావు లెండి. సూట్‌కేసులా మూత తీసి వాయించుకునే ఆ పెట్టెల్లో సాధారణంగా ఉన్నవి క్రిస్టల్, సిరామిక్ పికప్‌లు. పాపం, మోటువే అయినా నమ్మకమైనవి. సుప్రభాతం మొదలుకుని ఘంటసాల గారి భగవద్గీత దాకా వాటి మీదే విన్నాం, కళ్ళు తుడుచుకున్నాం. మూవింగ్ కాయిల్ ఇప్పుడు పైదేశాల నుంచి తెప్పించుకుంటున్న సరుకు. దాంతోపాటు ఈ మడిని కూడా తెప్పించుకున్నారా, లేక మడి మన దగ్గర దండిగా ఉంది కనుక ఇక్కడే కట్టారా అన్నది మీరే ఆలోచించండి.

కిందటేడు ఒక సేకర్త గారింటికి వెళ్ళాను. పేరు చెప్పను. మర్యాదస్తుడే. ఒక గదిలో అద్దాల బీరువా, అందులో దీపాలు, మఖమలు గుడ్డ మీద వరసగా పాత ముళ్ళు. ఆయన ఒక్కొక్కదాని గోత్రం, ప్రవర చెబుతున్నారు. నేను ఒకటి చూద్దామని చెయ్యి చాపాను. "అమ్మా, ముట్టుకోకండి! లేడీస్‌కి ఇవి తెలియవు. గాజు తగిలిందంటే అంతే సంగతులు" అన్నారు. అప్పుడే కాఫీ తెచ్చిన వాళ్ళావిడ కప్పులు బల్ల మీద పెట్టి, "నాకు ఈ గదిలో దుమ్ము దులపడానిక్కూడా పర్మిషన్ లేదండీ" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆయన మాట అంతకన్నా నచ్చలేదు. పోనీ, వాటిలో ఒకటి వాయించి వినిపించండి అన్నాను. "అబ్బే, అవి వాయించేవి కావండీ" అన్నారు.

వాయించడానికి కాని ముల్లు మరి దేనికో!

ఆయన బీరువాలో నడిమధ్య పీట వేసుకుని కూర్చున్నది డెన్మార్క్ నుంచి వచ్చిన ఆర్టోఫాన్ ఎస్.పి.యు. అంటే స్టీరియో పికప్ అనే తిన్నని పేరుకి పొడి అక్షరాలు. ఆర్టోఫాన్ 1918లో పుట్టింది. మొదట వాళ్ళు తాపత్రయపడింది మాట్లాడే సినిమాల కోసం. 1948లో మోనో మూవింగ్ కాయిల్ పికప్, 1959లో ఈ ఎస్.పి.యు. తెచ్చారు. దీన్ని రూపొందించిన ఇంజనీరు రాబర్ట్ గుడ్‌మండ్‌సెన్. ఆ పేరు సేకర్త గారు భక్తిగా చెప్పారు. జపాన్ కోఎట్సు ముళ్ళ దగ్గరికి వచ్చి, సుగానో యొషియాకి అనే ఆయన పేరు ఇంకా భక్తిగా చెప్పారు. 1558 నుంచి 1637 దాకా బతికిన హోనామి కోఎట్సు అనే మహా కళాకారుడి పేరు పెట్టుకుని సుగానో చేసిన ముళ్ళవి. కొన్నింటికి రోజ్‌వుడ్ ఒళ్ళు, కొన్నింటికి లక్క పూత, కొన్నింటికి ఏకంగా రత్నశిలలే. ఖరీదు లక్షల్లో పలికేవీ ఉన్నాయి. అమెరికా జోసెఫ్ గ్రాడో పేరూ వచ్చింది. అందరూ గొప్పవాళ్ళే, కాదనను.

కాని, ఆ చుట్టలు చుట్టిందెవరు?

ఆర్టోఫాన్ వారి ఫ్యాక్టరీ డెన్మార్క్‌లో లోలాన్ ద్వీపం మీద నాక్స్కోవ్ అనే చిన్న ఊళ్ళో ఉంది. డెనాన్ వారి ముళ్ళు తయారయ్యేది జపాన్‌లో ఫుకుషిమా ప్రాంతపు షిరకావాలో. ఆ ఫ్యాక్టరీల లోపలి ఫొటోలు, వీడియోలు ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. నేను కూర్చుని చూశాను. సూక్ష్మదర్శినికి కళ్ళు ఆనించి, సన్నటి పట్టకారు పట్టుకుని, తలవెంట్రుక కన్నా సన్నని రాగి తీగని అగ్గిపుల్ల తలంత కూడా లేని పలక మీద చుడుతున్నవాళ్ళని చూడండి. ఒక చుట్టు ఎడమ చెవికి, దానికి అడ్డంగా ఇంకో చుట్టు కుడి చెవికి. తీగ గట్టిగా లాగితే తెగుతుంది, వదులైతే చుట్ట చెడుతుంది. ఒక చుట్టు ఎక్కువైనా తక్కువైనా రెండు చెవులకీ సమంగా వినపడదు. ఆ పని చేస్తూ నాకు కనిపించినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. కళ్ళజోళ్ళు పెట్టుకుని, తల వంచుకుని, పక్కన మనలాగే ఒక కప్పు ఏదో చల్లారిపోతూండగా. వాళ్ళ పేర్లు ఏ పెట్టె మీదా ఉండవు. సేకర్త గారి ప్రవరలో వాళ్ళ గోత్రం రాదు. ఆడవాళ్ళ వేళ్ళ మీంచి పుట్టిన వస్తువుని ఆడవాళ్ళ వేళ్ళు తగిలితే మాసిపోతుందని దాచిపెట్టడం! మీకేమనిపిస్తుందో గాని, నాకు ఒళ్ళు మండింది.

"వాళ్ళు శిక్షణ పొందినవాళ్ళండీ, మీరూ వాళ్ళూ ఒకటా?" అని మఠం వారు అడుగుతారు. సరే, చుట్టడం నాకు రాదు. చూడడం వచ్చు, వినడం వచ్చు. పాత ముల్లుని గుర్తుపట్టడానికి కావలసినవి ఆ రెండే. పట్టుచీర చేతిలోకి తీసుకుని, జరీ అసలుదో కాదో, మడతల దగ్గర బట్ట చివికిందో లేదో అరనిమిషంలో చెప్పే ఆడవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఈ విద్య అంతకన్నా కష్టమేం కాదు. మఠం దాన్ని గుప్తంగా ఉంచింది కనుక నేను బయటపెడుతున్నాను.

మొదట, చేతిలో ఉన్నది ఏ రకమో చూడాలి. ముల్లున్న కొస గోరుతో లాగితే ఊడివచ్చి, కొత్తది తొడగడానికి వీలుగా ఉంటే అది సాధారణంగా మూవింగ్ మాగ్నెట్. మూవింగ్ కాయిల్‌లో ముల్లూ చుట్టా ఒకే కుటుంబం. విడదీయడం ఇంట్లో అయ్యే పని కాదు. దీనికీ అపవాదం ఉంది. జపాన్‌లో శాటిన్ అనేవాళ్ళు ముల్లు మార్చుకునేలా మూవింగ్ కాయిల్ చేశారు. అందుకని గబుక్కున లాగేయకండి, ముందు పేరు చదవండి.

పేరు చదవడంలో కూడా మెలకువ ఉంది. ఎస్.పి.యు. తలల్లో రెండు ఒళ్ళున్నాయి. ఏ రకం పొట్టిది. జి రకం గుండ్రటి ముక్కుతో పొడుగ్గా ఉంటుంది. చేతికి తగిలించే చోటి నుంచి ముల్లు దాకా మొదటిది 30 మిల్లీమీటర్లు, రెండోది 52. ఒకదానికి అమర్చిన చేతికి ఇంకోటి పెడితే ముల్లు ఉండాల్సిన చోట ఉండదు, పాట వంకరగా వస్తుంది. జి తర్వాత టి అనే అక్షరం కూడా ఉంటే, చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఆ తలలోనే దాగి ఉందన్న మాట. అది తెలియక బయట ఇంకో ట్రాన్స్‌ఫార్మరు కొని తగిలించారంటే డబ్బూ పోయె, పాటా పోయె. జర్మనీలో రేడియో స్టేషన్ల కోసం తయారైన ఇ.ఎం.టి. వారి టి.ఎస్.డి. 15 ఇంకా ముద్దుగా ఉంటుంది. దాని ముఖాన ఒక బుల్లి భూతద్దం! ముల్లు ప్లేటు మీద సరిగ్గా ఎక్కడ దిగుతోందో అందులోంచి చూసుకోవచ్చు. కాని దాని కొక్కెం వాళ్ళ చేతులకే పడుతుంది. మామూలు చేతులకి పట్టేది ఎక్స్.ఎస్.డి. అని వేరే ఉంది. ఒక అక్షరం తేడాకి ఎంత గొడవో చూశారా?

పేరయ్యాక ఒంటి పరీక్ష. పిల్లల పేలు చూసే ఓపికతో చూడాలి. మంచి వెలుతురులో, భూతద్దంతో, ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి. ఎదురుగా చూస్తే తోక నిట్టనిలువుగా మధ్యలో ఉండాలి. పక్కకి వాలిందంటే ఎప్పుడో దెబ్బ తగిలిందనే. ప్లేటు మీద దించాక పక్కనుంచి చూస్తే తోక కొంచెం ఎత్తి ఉండాలి. కార్ట్రిడ్జ్ పొట్ట ప్లేటుకి ఆనుతోందంటే లోపలి రబ్బరు ప్రాణం పోయింది. ఒక వైపు పాట వచ్చి రెండో వైపు మౌనం పాటిస్తే, వెంట్రుకలాంటి ఆ తీగ ఎక్కడో తెగి ఉండవచ్చు.

ఈ రబ్బరు సంగతి కొంచెం చెప్పాలి. అమ్మేవాళ్ళు, "ఇది నలభై ఏళ్ళుగా పెట్టె విప్పనిదండీ, ముల్లు ఒక్క ప్లేటు కూడా తొక్కలేదు" అని ఊరిస్తారు. తోకని పట్టి ఉంచేది చిన్న రబ్బరు ముక్క. పెట్టె విప్పనంత మాత్రాన దానికి వయసు ఆగుతుందా? మీ సొరుగులో ఎప్పుడో పడేసిన రబ్బరు బ్యాండు తీసి లాగి చూడండి, తెలుస్తుంది. గట్టిపడిన రబ్బరుతో ముల్లు గాడిలో ఊగలేదు, గాడిని గీరుతుంది. వాడుకలో ఉండి, అప్పుడప్పుడు బాగుచేయించుకున్న ముల్లు, పెట్టెలో ముసలిదైపోయిన కన్యక కన్నా నయమైన సందర్భాలు చాలా ఉంటాయి.

ఇక అసలు తగవు. వజ్రమైనా అరుగుతుంది. వెయ్యి గంటలకి అటూ ఇటూ అని తయారుచేసేవాళ్ళే చెబుతారు. అరిగిన మొన అంచు తేలి, గాడి గోడల్ని చెక్కేస్తుంది. అలా పోయిన గాడి మళ్ళీ రాదు. అందుకని పాత ఒంటికి కొత్త వజ్రం అతికే పనివాళ్ళు కొన్ని దేశాల్లో ఉన్నారు. మఠం వారికి ఇది అపచారం. "ఒరిజినల్ మొన పోతే ఇక దాని విలువేముంది?" అంటారు.

మా నాయనమ్మ దగ్గర పెద్ద ఇత్తడి గిన్నె ఉండేది, పెళ్ళినాటిది. కళాయి పోతే, వీధిలో కళాయివాడి కేక వినపడగానే దాన్ని మెరుగు పెట్టించేది. "ఇది నా పెళ్ళినాటి ఒరిజినల్ కళాయి, మార్చనంటే మార్చను" అని పట్టుబట్టి, కళాయి లేని గిన్నెలో చింతపండు పులుసు కాచి ఉంటే ఇంటిల్లిపాదీ మంచాన పడేవాళ్ళం. గిన్నె గిన్నే, కళాయి కళాయే. గిన్నె విలువ తెలిసినవాళ్ళే కళాయి వేయిస్తారు.

ఒక్కచోట మాత్రం మఠం మాటలో నిజముంది, ఒప్పుకుంటాను. కొందరు బాగుచేసేవాళ్ళు పాత అల్యూమినియం తోక తీసేసి కెంపు తోక పెడతారు. అప్పుడు స్వరం మారిపోతుంది. అది బాగుచేయడం కాదు, వేరే ముల్లు తయారుచేయడం. అటువంటిది అమ్మేటప్పుడు ఆ ముక్క చెప్పి అమ్మాలి.

ఇంకో పక్షం వాళ్ళు కూడా ఉన్నారు. అసలు ఈ మూవింగ్ కాయిల్ గోలంతా డాబు, మూవింగ్ మాగ్నెట్‌తో హాయిగా వినొచ్చు అంటారు. 1964లో మొదలైన షూర్ వారి వి-15 ని ఉదాహరణగా చూపిస్తారు. ఆ కంపెనీ 2018లో ముళ్ళ తయారీయే మానేసింది గాని, ఆ ముళ్ళకి ఇప్పటికీ అభిమానులున్నారు. ఈ పక్షాన్ని నేను తీసిపారేయను. నాలుగైదు గ్రాముల బంగారం కన్నా వంట గ్యాసు ముఖ్యం అయిన ఇంట్లో మూవింగ్ మాగ్నెట్టే ధర్మం. ముల్లు అరిగితే మన చేత్తోనే మార్చుకోవచ్చు. ఇది చిన్న సౌకర్యం కాదు. కాని డాబు వస్తువులో లేదు, బీరువాలో ఉంది. డెనాన్ 103 సంగతే చూడండి. జపాన్ రేడియో సంస్థ ఎన్.హెచ్.కె. తో కలిసి 1960ల్లో చేసినది. స్టేషన్లలో రోజంతా చాకిరీ చేయడానికి పుట్టింది. నల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, తెల్ల అక్షరాలు, ఏ అలంకారమూ లేదు. ఇప్పటికీ తయారవుతోంది. ఈ జాతిలో చవకైనవాటిలో ఒకటి కూడా. అందుకే కాబోలు ఆ అద్దాల బీరువాలో దానికి చోటు లేదు!

నా దగ్గర ఉన్నది అదే. ఒక సీరియల్ తాలూకు డబ్బుతో కొనుక్కున్నాను. దాన్ని నెత్తిన పెట్టుకోను, లోపాలు కూడా చెబుతాను. దాని మొన గుండ్రటిది. ప్లేటు చివరి పాటకి వచ్చేసరికి, గాడి లోపలి చుట్లు ఇరుకవుతాయి కదా, అక్కడ స, శ అనే అక్షరాలు కాస్త బుసకొడతాయి. ఎం.ఎస్. గారి గొంతులో కూడా! రెండున్నర గ్రాముల బరువు పెట్టాలి, తేలికపాటి చేతికి తగిలిస్తే కుదురుగా ఉండదు. కాని అదే ముల్లు మీద వయొలిన్ కమాను తీగని తాకే క్షణం, మృదంగం మీద అరచెయ్యి చదునుగా పడే శబ్దం వినండి. ఆ మనిషి గదిలోకి వచ్చి కూర్చున్నట్టుంటుంది. ఒక వస్తువుని మెచ్చుకోవడమంటే దాని మంచీ చెడ్డా రెండూ తెలియడమేనని నా ఉద్దేశం. వాయించని సేకర్త గారికి తన ముళ్ళలో ఏది బుసకొడుతుందో ఎలా తెలుస్తుంది?

గాజులు తగులుతాయన్నారు కదా ఆయన. ముల్లు ప్లేటు మీద దించేటప్పుడు గాజులు మోచేతి వైపు తోసుకుంటాను. పసిపిల్లలకి నీళ్ళు పోసేటప్పుడు అలాగే తోసుకుంటాం. పెద్ద విద్యేం కాదు.

అన్నట్టు, ఆ బీరువాలో కింది అరలో, మూల, దీపం పడని చోట ఇంకో ఆర్టోఫాన్ తల ఉంది. దాని మీద 65 అనే అంకె ఉంది. సేకర్త గారు దాని మీద కన్నెత్తలేదు, మోనో కదా. ఆ పాత మోనో తలల మీద 25 అని ఉంటే ముల్లు మొన వ్యాసార్ధం 25 మైక్రాన్లు, ఎల్.పి. లకి. 65 అని ఉంటే వెడల్పు గాడి ఉన్న 78 ప్లేట్లకి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎల్.పి. ముల్లు 78 ప్లేటు మీద పెడితే అది గాడి అడుక్కి జారిపోయి, అడుగున ఉన్న మట్టినీ గీతలనీ వినిపిస్తుంది గాని పాటని వినిపించదు. 1960ల్లో కూడా మన దేశంలో 78 ప్లేట్లు అచ్చయ్యాయి. బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ 78ల మీద వచ్చాయంటే చూసుకోండి. కనుక ఆ ప్లేట్లు మన అటకల మీద ఇంకా ఉన్నాయి, వాటిని సరిగ్గా చదివే ముల్లు మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఉన్న ఒక్కటీ చీకటి అరలో ఉంది.

మా నాయనమ్మ 78 ప్లేట్లు నా దగ్గర పదకొండున్నాయి. ఒకదానికి అంచు విరిగింది, పది బాగున్నాయి. సేకర్త గారు ఈ పత్రిక చదవరు గాని, వాళ్ళావిడ చదువుతుంది, నాకు తెలుసు. అమ్మా, బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో మీకు తెలియకుండా ఉండదు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి ప్లేట్లు పట్టుకుని వస్తున్నాను. కాఫీ నేను పెడతాను, మీరు కూర్చుని ముల్లు దించండి.